నిలవ పరీక్ష

మొదట ఐలయ్యే చూసిండు.
"మేడం, ఏడో సీసల ఏదో మెరుస్తున్నది"
అన్నడు, చీపురు గోడకు ఆనిచ్చి.

హన్మకొండల మే నెల.
రాత్రి మూడు గంటలు కరెంటు లేదు.
జనరేటరు డీజిలు కాయితం
ఇంకా ఆఫీసుల సంతకానికే ఉన్నది.
నలభై డిగ్రీల పెట్టె తన లెక్క మర్చిపోయి
బయటి వడగాలితోని చుట్టరికం కలుపుకున్నది.

ఆరు నెలల కింద ఈ మందును
నేనే కరిగించిన, నేనే గబుక్కున చల్లార్చిన,
వరుస కట్టుకునే తీరిక ఇయ్యకుండ.
బస్సు బ్రేకు కొడితే
ఎట్లున్నోళ్లు అట్లనే
ఒకరి భుజం మీద ఒకరు ఆగిపోయినట్టు
ఎక్కడి అణువు అక్కడ్నే.
దీన్ని గాజు అంటం.
పట్టుకుంటే రాయి.
లోపల మాత్రం
పారుడు మరిచిపోయిన నీళ్లు.

ఆ చెదురే మాకు కావాలె.
చెదిరి ఉంటేనే కడుపుల కరుగుతది,
నెత్తురుల కలుస్తది.
వరుస కుదిరిందంటె
మింగిన గోలీ మింగినట్టే బయటికి పోతది.
వరుసల నిలబడితేనే బాగుపడ్తరని
బెత్తం పట్టి చెప్పిన మా బడి సార్లకు
ఈ సంగతి ఎవరు చెప్పాలె?

గిర్మాజీపేటల మా మేనమామ రాజలింగం
కాముని పున్నమికి చక్కెర పేర్లు పోస్తుండె.
గరిటెతోని పాకాన్ని గిర్రున తిప్పి
కర్ర అచ్చుల్ల పోస్తె
కండ్ల ముందే తెల్లగ పలుకు కట్టేది.
హల్వాకైతె వేరే లెక్క, రెండు చుక్కల నిమ్మరసం.
ఎందుకు మామా అంటే
"రెండు పలుకులు కలిసి కూసోకుంట
నడుమ ఒకడు ఉండాలె బిడ్డా."
నేను పీహెచ్‌డీల రాసింది గదే.
రెండు వందల పేజీలు ఎక్కువ.
నా నిమ్మరసం పేరు పాలిమరు,
పొడుగాటి దారం.
అణువు చెయ్యి పట్టుకొని
యాడికి పోతవ్, కూసో, అనెటిది.

ఏడో సీసల దారం తక్కువ వేసిన.
సోయి లేక కాదు, లెక్క చూసే వేసిన.
గాజు మెత్తబడే వేడి
పెట్టె వేడికి యాభై డిగ్రీలు పైన.
కదలవనుకున్న.

కదులుడంటే నడుచుడేనా?
ఉన్న జాగలనే ఒత్తిగిల్లుడు.
మెడ కొంచెం తిప్పుడు.
ఒక కొస వణికి, మళ్ల ఊకునుడు.
మూత సందుల నుంచి దూరిన చెమ్మ
వాటి కీళ్లకు నూనె రాస్తది.
నడుమ ఉన్నయి ఇరుక్కొని ఉంటయ్,
పైపొరల ఉన్నవాటికి
ఒక దిక్కు ఎవ్వరు లేరు,
అందుకే అక్కడ్నే మొదలైతది.
పక్కదాని మొఖం దిక్కు మళ్లనీకె
ఒక్క అణువుకు
కార్తీకం నుంచి వైశాఖం పట్టింది.
నేనేమో నెలనెలా సీస ఎత్తి చూసి
మార్పు లేదు, మార్పు లేదు
అని రాసుకుంట వచ్చిన.

ఎక్స్‌రే మిషన్ల పెట్టిన.
పోయిన నెల దాంక గుట్ట లెక్క
గుండ్రంగ లేచి దిగిన గీత
ఇయ్యాల తుమ్మ ముండ్లు తొడిగింది.

ఐలయ్య సూక్ష్మదర్శిని మీదికి వంగిండు.
శానసేపు లేవలేదు.
"నీలం, పసుపు, నడుమ గులాబి...
ఇంత మంచిగున్నది గద మేడం,
ఖరాబైందంటరేంది?"
నాకు జవాబు రాలేదు.
నోటుబుక్కుల రాసిన:
ఏడో సీస. ఆరో నెల. స్ఫటికాలు కనిపించినయి.
చెయ్యి ఆగింది. రంగుల సంగతి రాయలేదు.
రాసేటందుకు ఆ పట్టికల గడి లేదు.

పన్నెండో సీస ఇంకా మసక మసకగనే ఉన్నది,
దాంట్ల దారం ఎక్కువ.
చెవి దగ్గర పెట్టుకున్న, ఉత్తగనే.
ఏం వినపడ్తది.
మూత ఇంకో చుట్టు బిగించి
డీజిలు సంతకం కోసం మెట్లు దిగిన.